భద్రాచలం రోడ్‌లో దిగిన తరువాత

మా ఊరికి మొదటిసారి రైలులో వచ్చే బంధువులు తరచుగా ఒక పొరపాటు పడుతుంటారు. టికెట్టు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది కనుక, దిగగానే గోదావరి కనిపిస్తుందని అనుకుంటారు. దిగి చూస్తే అది కొత్తగూడెం. బొగ్గు గనుల పట్టణం. భద్రాచలం అక్కడికి ఇంకా 40 కిలోమీటర్ల దూరం. పాల్వంచ దాటిన తరువాత అడవి దారి, ఆపైన సారపాక, ఆపైన గోదావరి మీది వంతెన. అది దాటితేనే ఊరు. రైలు ఇంతవరకే వస్తుందని తెలిసి కొందరు విసుక్కుంటారు. మరికొందరు సామాను భుజాన వేసుకొని, బస్సు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.

యాభై ఏళ్ళు దాటిన మా వంటివారి కలల పరిస్థితి కూడా దాదాపు ఇదే. చిన్ననాడు ఎక్కిన రైలు అనుకున్న చోటికి చేర్చలేదు. దిగినచోట విసుక్కుంటూ కూర్చుండిపోవచ్చు. లేదా మిగిలిన దారి ఎంత, చేతిలో ఛార్జీ ఎంత, పొద్దు ఎంత ఉన్నది అని లెక్క చూసుకొని బయలుదేరవచ్చు. ఆ లెక్క ఒకసారి తప్పి, ఒకసారి కుదిరిన కుటుంబం మాది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ వ్యాసాన్ని భార్యాభర్తలం ఇద్దరం కలిసి రాస్తున్నాము. చేతివ్రాత ఒకరిది, మాటలు ఇద్దరివీ. మాలో ఒకరు భద్రాచలంలో ముప్పై ఏళ్ళకు పైగా బట్టలు కుడుతున్న దర్జీ. మరొకరు ఎనిమిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయి, 51వ ఏట పదో తరగతి పూర్తి చేసిన ఇల్లాలు. ఇద్దరికీ రెండు కలలుండేవి. ఒకటి ఇంటిని అప్పుల పాలు చేసింది. మరొకటి ఇంటికి వెలుగు తెచ్చింది. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకు తిన్న మాకు ఈ తేడా ఎక్కడ వచ్చిందని చాలా రాత్రులు మాట్లాడుకున్నాము.

గోదావరి తీసుకుపోయిన పుస్తకాలు

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు పెరిగింది. ఇక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. మూడవ హెచ్చరిక కన్నా ఇరవై రెండు అడుగులు పైకి నీరు వస్తే పల్లపు వీధుల గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అప్పటికి మాలో ఒకరికి పదమూడేళ్ళు. బియ్యం డబ్బా, పరుపులు, రెండు మేకలు గట్టుకు చేరాయి గాని, బడి సంచి గూటిలోనే ఉండిపోయింది. నీరు తగ్గాక గోడకు అతుక్కొని ఉన్న రెండు కాగితాలు దొరికాయట. వాటి మీద ఏ పాఠం ఉండేదో కూడా తెలియలేదు.

తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొని పాల్వంచలోని బంధువుల ఇంటికి వెళ్ళారు. నాలుగు నెలలకు తిరిగి వచ్చారు. తమ్ముళ్ళు బడికి వెళ్ళారు. ఆడపిల్ల మాత్రం ఇంటి పనిలో ఉండిపోయింది. ఎవరూ చదువు మాన్పించలేదు. ఎవరూ పంపించనూ లేదు. మన ఇండ్లలో ఎందరో ఆడపిల్లల చదువు ఇలా ఎవరి ఆజ్ఞా లేకుండానే ఆగిపోయింది.

ఆ వరదలో తలదాచుకున్న చోట తెల్లబట్టల నర్సమ్మ ఒకరు వచ్చి, పిల్లలందరికీ మందు పోసి, ఎవరికి ఏది ఎప్పుడు ఇవ్వాలో చీటీలు రాసి ఇచ్చేవారు. చదవడం రాని తల్లులు ఆ చీటీ పట్టుకొని పదమూడేళ్ళ ఆ పిల్ల దగ్గరకు వచ్చేవారు. “ఇందులో ఏముందో చెప్పమ్మా” అనేవారు. ఆ పిల్ల చదివి చెప్పేది. పెద్దయ్యాక నర్సునవుతానని అప్పుడే అనుకున్నది. తరువాత పెళ్ళి, పిల్లలు, అత్తమామల సేవ. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళ వరకు భర్తకు కూడా తెలియదు.

అద్దాల దుకాణం

దర్జీ కల మాత్రం అందరికీ తెలిసినదే. ఖమ్మంలో పెద్ద బట్టల షోరూం పెట్టాలి, అద్దాల తలుపు ఉండాలి, లోపల సోఫా ఉండాలి, పెళ్ళికొడుకులు షేర్వానీ కోసం వెతుక్కుంటూ రావాలి. ముప్పై ఏళ్ళుగా పండుగ ముందు రాత్రుళ్ళు మేలుకొని కాజాలు కుడుతూ ఆ మాటే చెప్పేవాడు. రెడీమేడ్ దుస్తులు వచ్చాక చొక్కాలు కుట్టించుకునేవారు తగ్గిపోయారు. ఆ దిగులే ఆ కలకు మరింత తొందర తెచ్చింది. “ఇప్పుడు కాకపోతే ఎప్పుడు” అన్నాడు. వయసు మీద పడుతున్నదనే భయంతో మనిషి వేసే అడుగు ధైర్యంలాగా కనిపిస్తుంది గాని, అది ధైర్యం కాదని తరువాత తెలిసింది.

2017లో, ఆయన 49వ ఏట, ఖమ్మంలో అద్దెకు దుకాణం తీసుకున్నాము. డబ్బు ఎక్కడిదో చెప్పక తప్పదు. అమ్మాయి పెళ్ళి కోసమని ఉంచిన చిన్న జాగా అమ్మాము. ఇంటావిడ మెడలోవి, చేతులవి కొన్ని అమ్మాము. అవి చాలక వడ్డీకి కూడా తెచ్చాము. వడ్డీ విషయంలో మన ధర్మం ఏమి చెబుతుందో తెలియక కాదు. తెలిసే, “ఒక్క ఏడాదిలో తీర్చేద్దాం, అల్లాహ్ క్షమిస్తాడు” అని మనసుకు సర్ది చెప్పుకున్నాము. తప్పును ముందుగానే క్షమాపణ ఖాతాలో వేసుకోవడం ఎంత సాహసమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతుంది.

దుకాణం ఇరవై నెలలు నడిచింది. నడిచింది అనడం కన్నా మేము మోశామనడం సరైన మాట. ఆయనకు కత్తెర తెలుసు, గుడ్డ తెలుసు, మనిషిని చూసి కొలత చెప్పగలడు. కానీ సరుకు నిలవ, అద్దె, కరెంటు బిల్లు, జీతాలు, పన్ను లెక్కలు ఆయనకు తెలియవు. తెలియదని ఒప్పుకొని ఏదైనా పెద్ద దుకాణంలో ఆరు నెలలు పనిచేసి నేర్చుకోమని ఒక పెద్దమనిషి మొదట్లోనే సలహా ఇచ్చారు. “ముప్పై ఏళ్ళ ఉస్తాదును, ఇంకొకరి కింద చేరాలా?” అని ఆయన అనుకున్నాడు. ఆ ఒక్క ఆలోచన ఖరీదు మా అమ్మాయి జాగా.

ఇంట్లో ఉన్న మనిషికి మొదటి రోజు నుండీ అనుమానమే. అయినా ఆమె నోరు తెరిచి చెప్పలేదు. భర్త ఉత్సాహం మీద నీళ్ళు చల్లకూడదనుకున్నది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. కనుక ఆ తప్పును మేము సగం సగం పంచుకున్నాము. 2019లో దుకాణం మూసి, మిగిలిన సరుకు అయినకాడికి అమ్మి, భద్రాచలం తిరిగి వచ్చాము. అమ్మాయి పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది.

ఒకరోజు ఆయన అమ్మాయి ముందు తల దించుకొని, “నీకు అన్యాయం చేశాను బేటీ” అన్నాడు. ఆ పిల్ల కొంతసేపు మౌనంగా ఉండి, “పెళ్ళి ఆగినందుకు నాకు బాధ లేదు అబ్బా. నా జాగా అమ్మేటప్పుడు నన్ను ఒక్క మాట అడగలేదు. అదే బాధ” అన్నది. ఇప్పటికీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ మరువలేదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని పెద్దలు చెబుతారు. మా కాళ్ళ కోసం కూతురి దుప్పటి లాగేశామని మాకు ఆ రోజు అర్థమయింది.

ఆదివారం బడి

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆయన వరండాలో పాత కుట్టుమిషన్ ముందు కూర్చొని మాస్కులు కుట్టాడు. ఖమ్మం నుండి తెచ్చిన షోరూం బోర్డును పెరట్లో గోడకు ఆనించి ఉంచాము. దాని వైపు ఆయన చూసేవాడు కాదు. ఒక రాత్రి ఇషా నమాజు తరువాత ఆయన ఆమెను అడిగాడు: “నా కల చూశావు, దాని గతి చూశావు. నీకేమైనా ఉండేదా?” ముప్పై ఏళ్ళలో మొదటిసారి అడిగిన ప్రశ్న. ఆమె నర్సమ్మ సంగతి చెప్పింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

నర్సింగు శిక్షణకు వయోపరిమితి ఉన్నది. అది దాటి చాలా కాలమయింది. ఆ తలుపు మూసుకుపోయిందని ఆమెకు తెలుసు. దానిని తట్టి లాభం లేదు. అయితే దాని పక్కన ఇంకో చిన్న తలుపు ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1991లోనే ఓపెన్ స్కూల్ సొసైటీ ఏర్పడింది. పద్నాలుగేళ్ళు నిండిన ఎవరైనా అందులో పదో తరగతికి చేరవచ్చు; పై వయసుకు హద్దు లేదు. సెలవు రోజుల్లో తరగతులు. ఐదు సబ్జెక్టులు ఒకేసారి పాసు కానక్కరలేదు. పాసైనవి పోవు; మిగిలినవి మళ్ళీ రాసుకోవచ్చు. వంటిల్లు, మనవలు, ముసలి అత్తగారు ఉన్న మనిషికి ఇంతకన్నా అనువైన బడి దొరకదు. అయినా ఈ బడి గురించి మన ఇండ్లలో తెలిసినవారు తక్కువ.

2021లో ఆమె చేరింది. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. మొదటి ఆదివారం బురఖా సర్దుకొని బడి గేటు ముందు నిలబడితే, కాపలాదారు “మీ పిల్లలు ఏ తరగతమ్మా?” అని అడిగాడు. లోపల ఆమెతోపాటు కూర్చున్నవారిలో ఒక ఆటో నడిపే అబ్బాయి, చర్ల వైపు నుండి వచ్చే ఇద్దరు కోయ యువతులు, పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాడు ఉన్నారు. పాఠం చెప్పే టీచరమ్మ మా అమ్మాయి ఈడుది. హోంవర్కు చేయలేదని ఒకరోజు అందరి ముందు గట్టిగా మందలించింది. ఇంటికి వచ్చి ఆమె ఏడ్చింది. దర్జీకి ఇక్కడ తన సంగతి గుర్తుకొచ్చింది. “నేను ఆ ఖమ్మం దుకాణంలో ఆరు నెలలు ఇలాంటి చీవాట్లు తిని ఉంటే మన జాగా మిగిలేది. నువ్వు వచ్చే ఆదివారం తప్పకుండా వెళ్ళు” అన్నాడు. ఆమె వెళ్ళింది.

వీధిలో మాటలు రాకుండా ఉండవు. “ఈ వయసులో చదివి ఏ కలెక్టరవుతావు?” అన్నవారున్నారు. నవ్విన నాపచేనే పండుతుందని సామెత. సామెత నిజమే గాని, మా చేను మొదటి ఏడు పూర్తిగా పండలేదని కూడా చెప్పాలి. 2022లో మొదటిసారి పరీక్షలు రాస్తే మూడు సబ్జెక్టులే గట్టెక్కాయి. ఇంగ్లీషు, గణితం పోయాయి.

గణితానికి గురువు ఇంట్లోనే దొరికాడు. భిన్నాలు ఆమెకు ఎంతకూ అర్థమయ్యేవి కావు. ఆయన కొలత టేపు తీసి, అంగుళంలో సగం, పావు, అరపావు చూపించాడు. “నువ్వు ముప్పై ఏళ్ళుగా నాకు జాకెట్టు చేతులు మడిచి కుట్టిపెడుతున్నావు. పావు అంగుళం తేడా వస్తే కన్నుతో పట్టేస్తావు. ఇది కూడా అదే” అన్నాడు. టేపుకు ఒకవైపు అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఆయన జీవితమంతా అంగుళాల వైపే వాడాడు. రెండో వైపు చదవడం, ఒక అంగుళానికి 2.54 సెంటీమీటర్లని లెక్క కట్టడం ఆమె ఆయనకు నేర్పింది. ఇంట్లో ఇద్దరు ఉస్తాదులు, ఇద్దరు షాగిర్దులు అయ్యాము. ఆ తరువాత మా మధ్య దాపరికాలు తగ్గాయి.

మళ్ళీ నీరు

ఆ మొదటి పరీక్షలు రాసిన ఏడాదే, 2022 జులైలో, గోదావరి మళ్ళీ వచ్చింది. ఈసారి 71.3 అడుగులు. ముప్పై ఆరేళ్ళ తరువాత అంతటి నీరు. మూడవ హెచ్చరిక దాటగానే మమ్మల్ని ఒక బడిలోని సహాయ కేంద్రానికి తరలించారు. సామాను సర్దుకొనేందుకు ఎక్కువ సమయం లేదు. ఆయన కత్తెర, టేపు తీసుకున్నాడు. ఆమె ఖుర్ఆన్ ప్రతిని గుడ్డలో చుట్టి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం పెట్టుకొని, వాటిపైన గణితం, ఇంగ్లీషు పుస్తకాలు కూడా సంచిలో పెట్టింది. ఆ రెండు పరీక్షలు సరిగ్గా రాయలేదని ఆమెకు అప్పటికే అనుమానం. “ఇప్పుడు ఇవెందుకు?” అని మా అత్తగారు అడిగితే, “పోయినసారి వదిలేశాను అమ్మీ” అన్నది. ముసలావిడ మరి మాట్లాడలేదు. తన మందుల సంచి తానే పట్టుకొని, కోడలికి ఒక చేయి ఖాళీ చేసింది.

సహాయ కేంద్రంలో మందులు పంచారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, నీటిలో వేసే క్లోరిన్ బిళ్ళలు ఇచ్చారు. ఒక వృద్ధురాలు ఆ పొట్లాం అటూ ఇటూ తిప్పి చూసి, ఒక గ్లాసు నీటిలో మొత్తం పోయబోయింది. ఆమె ఆపి, పొట్లాం మీద రాసినది చదివి, లీటరు నీరు కొలిచి కలిపి ఇచ్చింది. కొంతసేపటికి ఇంకొకరు వచ్చారు. సాయంత్రానికి చీటీలు, బిళ్ళల అట్టలు పట్టుకొని పదిమంది వచ్చారు. “ఇందులో ఏముందో చెప్పమ్మా” అన్న ఆ పాత మాట ఆమె మళ్ళీ విన్నది. 1986లో ఆ మాట విన్నప్పుడు ఆమె నర్సు కావాలనుకున్నది. 2022లో విన్నప్పుడు నర్సు కాలేకపోయినందుకు ఏడుపు రాలేదు. ఆ పనిలో తన చేతికి అందేంత ముక్క ఒకటి తన కోసం మిగిలి ఉన్నదని మాత్రం అనిపించింది.

నీరు తగ్గాక ఇంటికి వెళితే మోకాలి లోతు బురద. కుట్టుమిషన్‌ను విప్పి, కడిగి, నూనె వేసి మళ్ళీ ఆడించడానికి వారం పట్టింది. గోడకు ఆనించిన షోరూం బోర్డు బురదలో వెల్లకిలా పడి ఉన్నది. ఆయన దానిని కడిగి, అక్షరాలు కిందికి వచ్చేలా రెండు బల్లల మీద పరిచాడు. గుడ్డ కత్తిరించడానికి అంత నున్నని పెద్ద బల్ల ఆయనకు అంతకుముందు ఎన్నడూ లేదు.

ఇప్పుడు ఆ బల్ల చుట్టూ ఆరుగురు ఆడపిల్లలు కటింగు నేర్చుకుంటున్నారు. దుమ్ముగూడెం దారిలోని పల్లెల నుండి వచ్చేవారూ ఉన్నారు. ఫీజు ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఒక పిల్ల మొన్న ఒకరి పెళ్ళి జాకెట్టు గుడ్డను తప్పుగా కోసింది. పూర్వమైతే ఆయన కేకలు వేసేవాడు. ఈసారి ఆ గుడ్డ ఖరీదు తానే కట్టి, “నేను ఇంతకన్నా పెద్ద గుడ్డ తప్పుగా కోశాను తల్లీ” అన్నాడు. అప్పు తీర్చడానికి మాకు మూడేళ్ళకు పైగా పట్టింది. అమ్మాయి నికాహ్ ఆ అప్పుల మధ్యనే, మసీదులో, ఆర్భాటం లేకుండా జరిగింది. అంతకన్నా ఘనంగా చేసే శక్తి ఉన్నా అలాగే చేయవలసినదని ఇప్పుడు అనిపిస్తుంది.

చిన్నదైనా ఆగని పని

మా అనుభవం ఒక్కటే ఆధారంగా చెబితే చాలదని, మాకంటే పెద్దవారి జీవితాలను కూడా చూశాము. ఖమ్మం పక్కనే రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు ఉండేవారు. వనజీవి రామయ్యగా లోకం ఎరిగిన మనిషి. కోటికి పైగా మొక్కలు నాటారని ఖ్యాతి. భార్య జానమ్మ గారు ఆయనకు తోడు. 2017లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం మేము ఖమ్మంలో అద్దాల తలుపు బిగిస్తున్నాము. ఆయన మొదలుపెట్టింది జేబులో గింజలతో, సైకిలు మీద మొక్కలతో. పెద్ద స్థలం దొరికాక, పెట్టుబడి వచ్చాక నాటుదామని కూర్చోలేదు. పురస్కారం వచ్చాక కూడా ఆ పని మానలేదు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా మొక్కల మనిషిగానే ఉన్నారు. ప్రళయ ఘడియ వచ్చిపడినా చేతిలో మొక్క ఉంటే నాటమన్న దైవప్రవక్త (స) బోధ మనకు ఉన్నది. నాటేవాడు నీడలో కూర్చుంటాడా లేదా అన్నది ఆ బోధలో ప్రశ్నే కాదు.

కేరళలో కార్త్యాయని అమ్మ అనే వృద్ధురాలు 2018లో, 96వ ఏట, అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకున్నారు. కెన్యాలో కిమానీ మరూగే అనే తాత 84 ఏళ్ళ వయసులో, 2004లో, ఒకటో తరగతిలో చేరి చిన్నపిల్లల పక్కన కూర్చున్నారు. మన హైదరాబాదులో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, దేశంలోనే అటువంటి వాటిలో మొదటిది. కాలేజీ మెట్లెక్కని ఉద్యోగులకు, గృహిణులకు, కూలీలకు అది డిగ్రీ దారి చూపింది.

మన ధార్మిక చరిత్రలోకి వెళితే, సహాబాలలో ఎంతోమంది ఖుర్ఆన్‌ను పెద్ద వయసులోనే నేర్చుకున్నారు. తరువాతి కాలంలో మర్వ్ నగరంలో తాళాలు చేసే పనివాడు ఒకరు యౌవనమంతా ఆ పనిలో గడిపి, ఆ తరువాత చదువు మొదలుపెట్టి షాఫయీ ఫిఖ్‌హ్‌లో గొప్ప ఇమాము అయ్యారు. ఆయననే ఇమామ్ ఖఫ్ఫాల్ అంటారు. ఖఫ్ఫాల్ అంటే తాళాలవాడు. అంత పెద్ద పండితుడయ్యాక కూడా పాత పని పేరే ఆయనకు నిలిచిపోయింది. ఈ సంగతి విన్న రోజు మా దర్జీ తన చేతి కత్తెరను కొత్తగా చూసుకున్నాడు.

వీరందరిలో మాకు కనిపించిన పోలిక ఒకటే. వీరు ఎవరూ తమ కలను ఇతరులకు భారం చేయలేదు. కొత్తగా నేర్చుకునేవాడి స్థానంలో కూర్చోవడానికి సిగ్గుపడలేదు. అల్లాహ్‌కు ప్రియమైన ఆచరణ కొద్దిపాటిదైనా నిలకడగా సాగేదని హదీసులో విన్నాము. పెద్ద వయసులో మిగిలి ఉన్న శక్తికి సరిపోయేది ఆ కొలతే.

కోసే ముందు కొలత

మా అత్తగారు అంటారు: “పిల్లలు తప్పు చేస్తే పెద్దలు దిద్దుతారు. పెద్దలు తప్పు చేస్తే పిల్లలు కడతారు.” కనుక వయసు మీరాక ఏదైనా మొదలుపెట్టదలచిన సోదర సోదరీమణులు ముందుగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి.

మొదటిది, ఇందులో పెట్టే డబ్బు ఎవరిది? కూతురిదా, కొడుకుదా, వడ్డీ వ్యాపారిదా? పోయినా ఇంటి పొయ్యి ఆరని డబ్బు అయితేనే పెట్టాలి. ఎవరిదైనా కలిసి ఉంటే, వారిని నోరారా అడగాలి. రెండవది, రేపు ఉదయం ఫజ్ర్ తరువాత, ఇప్పుడు చేతిలో ఉన్నదానితో దీనిని కొంతైనా మొదలుపెట్టగలమా? పెద్ద బోర్డు కట్టాకే మొదలయ్యే పని బోర్డు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. మూడవది, ఈ పనిలో మనకన్నా చిన్నవాడి దగ్గర కూర్చొని నేర్చుకోవడానికి సిద్ధమా? నాలుగవది, దీని గురించి ఎవరూ మెచ్చుకోకపోయినా, ఎవరికీ తెలియకపోయినా, మనకు ఇది కావాలా? ఈ చివరి ప్రశ్న ముందు అద్దాల దుకాణం నిలవలేదు. ఆదివారం బడి నిలిచింది.

ఇలా అంటే భయపెడుతున్నామని కొందరు అనవచ్చు. భయం వేరు, వినయం వేరు. భయం మనిషిని స్టేషనులోనే కూర్చోబెడుతుంది. వినయం ఛార్జీ లెక్కపెట్టుకొని బస్సు ఎక్కిస్తుంది. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. మేము దుకాణం విషయంలో ఒంటెను కట్టకుండానే తవక్కుల్ అన్నాము. ఇక కలలు ఎందుకులే అని చేతులు ముడుచుకొని కూర్చుంటే, ఒంటె ఉండీ ప్రయాణం మానుకున్నట్లే అవుతుంది.

2024లో, మూడవ ప్రయత్నంలో, ఆమె గణితం గట్టెక్కింది. మార్కులు ఎన్నో ఇక్కడ రాయవద్దని ఆమె కోరిక. చెప్పుకోదగినవి కావు. ఆ రోజు ఇంట్లో సేమ్యా వండుకున్నాము. మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది. ఆటో అబ్బాయి తన ఆటోలో మమ్మల్ని ఇద్దరినీ గోదావరి గట్టు దాకా తీసుకువెళ్ళాడు, కిరాయి తీసుకోలేదు.

ఇప్పుడు ఆమె దగ్గర ఒక గీతల నోటు పుస్తకం ఉంది. మా వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల పేర్లు, డాక్టరు రాసిన మాత్రలు, వాటి వేళలు, మందు అట్ట మీది గడువు తేదీ అందులో రాసి ఉంటాయి. అస్ర్ తరువాత రెండు మూడు ఇండ్లకు వెళ్ళి చూసి వస్తుంది. ఏ మాత్రా తాను మార్చదు, ఏ సలహా ఇవ్వదు. అనుమానం వస్తే ఆసుపత్రికి తీసుకువెళుతుంది. ఒకరోజు ఎవరో ఆమెను “నర్సమ్మా” అని పిలిచారు. ఆమె వెంటనే, “కాదమ్మా, నేను చదివి చెప్పేదాన్ని మాత్రమే” అని దిద్దింది. పక్కనే కాజాలు కుడుతున్న దర్జీ ఆ మాట విన్నాడు. ఆ రోజు ఆయన కుట్టు కాస్త వంకర పోయింది.

మేము భద్రాచలం రోడ్‌లో దిగాము. ఊరు ఇంకా దూరమే. అయినా దారి తెలిసింది, సంచి తేలికయింది, పక్కన తోడు ఉన్నది. మిగిలిన దారిని మాకూ, మీకూ అల్లాహ్ సులభం చేయుగాక. ఎవరి దుప్పటీ లాగకుండా, ఎవరి చెయ్యీ విడవకుండా మనందరినీ చేర్చవలసిన చోటికి చేర్చుగాక. ఆమీన్.